మూడో బేస్ వెనక సీటు

శ్యామ్‌సుందర్ గారు ముప్పై ఏళ్లకు పైగా కార్ల బ్రేకులు డిజైన్ చేశారు. మిషిగన్‌లో మంచు మీద జారకుండా ఇల్లు చేరుతున్న వాళ్లలో చాలామంది ఆయనకు రుణపడి ఉన్నారు. అయినా మా ట్రాయ్ ఊళ్లో ఏ తెలుగువాళ్లని అడిగినా ఆయన గురించి మొదట చెప్పేది బ్రేకుల సంగతి కాదు, బేస్‌బాల్ సంగతి. రెండోది ఆయన నోటి సంగతి. కార్లకు పెట్టిన బ్రేకుల్లో ఒకటి తన నోటికి పెట్టుకుని ఉంటే బాగుండేదని నేను ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను. ఆయన పగలబడి నవ్వేవారు. నలుగురూ తన నోటి గురించి చెప్పుకోవడం ఆయనకు ఇష్టమే.

నా పేరు రాగిణి. ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. శ్యామ్ గారు, గుండె డాక్టర్ కృష్ణమోహన్ గారు, నేను కలిసి ప్రతి శనివారం పొద్దున రోచెస్టర్ రోడ్డు మీది డోనట్ షాపులో కూర్చుంటాం. గుళ్లో కూడా అంత క్రమంగా కనబడమని మా ఇళ్లలో ఎగతాళి. మేం మాట్లాడుకునేది ప్లోవర్స్ గురించి. పెద్ద లీగులో ఆడే డెట్రాయిట్ జట్టు కాదు, మా కౌంటీ శివార్లలో చెక్క బెంచీల గ్రౌండ్‌లో ఆడే చిన్న జట్టు. పెద్ద లీగుకు ఇంకా ఎక్కని కుర్రాళ్లు, అక్కడి నుంచి దిగిపోయిన వాళ్లు అందులో ఆడతారు. ఏటా ఏప్రిల్‌లో కృష్ణమోహన్ గారు ఈసారి కప్పు మనదే అంటారు. శ్యామ్ గారు కాఫీ కప్పు చూపించి, "ఇదొక్కటే మనది డాక్టర్ గారూ, తాగండి" అంటారు. ఇక మొదలు. చివరి ఇన్నింగ్స్‌లలో బంతి విసరడానికి నమ్మదగినవాడు ఒక్కడైనా ఉన్నాడా, కొత్తగా వచ్చిన ఎడమచేతి కుర్రాడు జూలై దాకా నిలబడతాడా, కోచ్‌కి బుర్ర ఉందా లేదా.

వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే చేరేది. వాల్ట్ ప్రూయిట్ దగ్గరికి.

ఎనభైల్లో సంగతి. ప్లోవర్స్ మొట్టమొదటిసారి ఫైనల్‌కి వచ్చారు. ఆఖరి ఇన్నింగ్స్. ఇంకొక్కడిని ఔట్ చేస్తే కప్పు మాది. అవతలివాడు కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ మూడో బేస్ దగ్గర నిలబడ్డ ప్రూయిట్ వైపు వచ్చింది. వంగి తీసి, కొట్టినవాడు చేరేలోపు ఫస్ట్ బేస్‌కి విసిరితే చాలు, ఔట్. అది అతని కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. అవతలివాళ్లు ఇద్దరు పరుగెత్తుకొచ్చేశారు, మేం ఓడిపోయాం. ఆ కప్పు ఇప్పటిదాకా రాలేదు.

"మూడో బేస్ వెనక, నాలుగో వరుసలో కూర్చున్నానండీ నేను," అనేవారు శ్యామ్ గారు. "బంతి లడ్డూలాగా వచ్చింది. చంటిపిల్లాడైనా పట్టుకుంటాడు. నా కళ్లతో నేను చూశా." ఈ మాట పుట్టినరోజుల్లో చెప్పారు, గృహప్రవేశాల్లో చెప్పారు. మా ఇళ్లలో పుట్టిపెరిగిన పిల్లలు, తమ తాతలు ఏం చేసేవారో తెలియకపోయినా, అంకుల్ ఆ రోజు ఎక్కడ కూర్చున్నారో చెప్పగలరు. మా మధ్య ఆయనకున్న పెద్దరికం ఆ సీటు వల్ల వచ్చిందే. మేమంతా తర్వాత వచ్చి చేరినవాళ్లం. ఆయన చూసిన మనిషి.

క్రితం ఏడాది జూలైలో ఒక ఆదివారం ప్లోవర్స్ పాత ఆటగాళ్లకు సన్మానం పెట్టారు. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, టోపీ ఇచ్చి, మైకులో రెండు ముక్కలు మాట్లాడిస్తారు. మేం ముగ్గురం ముందే వెళ్లి శ్యామ్ గారి నాలుగో వరుసలో కూర్చున్నాం. నా ఒళ్లో పులిహోర డబ్బా. మా ముందు వరుసలో జట్టు టోపీ పెట్టుకుని, జుట్టు వెనక్కి కట్టుకున్న ఒకమ్మాయి, పక్కన చేతిసంచీ పెట్టి ఒక సీటు ఆపుకుని కూర్చుంది. మాకు ఆమె వీపు తప్ప ఏమీ కనబడలేదు. కనబడాలని మేం అనుకోనూ లేదు. శ్యామ్ గారు ఆ సీటు కథ, లడ్డూ బంతి కథ మాకు మళ్లీ చెప్పారు.

మనవాళ్లకు ఈ దేశంలో ఒక జబ్బు పట్టుకుంది. లిఫ్టులో, కొట్టు లైనులో, డాక్టరు వెయిటింగ్ రూములో, చుట్టూ ఎవరున్నా సరే, తెలుగులో మాట్లాడితే తలుపేసుకుని మాట్లాడినట్టే అనుకుంటాం. ఎదుటివాడి పొట్ట గురించి వాడి ఎదురుగానే మాట్లాడతాం. ముప్పై నలభై ఏళ్లు ఇలా గడిపాక అదొక హక్కు అనిపిస్తుంది.

మైకులో ప్రూయిట్ పేరు పిలిచారు. నేను అతన్ని చూడటం అదే మొదలు. పొడుగాటి మనిషి, వంగిపోయాడు. గడ్డి మీద పాదాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. టోపీ ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా టోపీ వణుకుతూనే ఉంది. మైకు అందుకుని మా వైపు తిరిగి నిలబడ్డాడు.

"వీడికా సన్మానం!" అన్నారు శ్యామ్ గారు, గట్టిగా, తెలుగులో. "ఈ ప్రూయిట్ గాడి చెయ్యి చూశారా? ఆ రోజు బంతిని చూసి వణకడం మొదలెట్టింది, ఇప్పటికీ ఆగలా. శాలువా కప్పి చూడండి, దాన్నీ కాళ్ల మధ్య నుంచి వదిలేస్తాడు." అంటూ తన చెయ్యి కూడా అలాగే ఆడించి చూపించారు.

మేం నవ్వాం. కృష్ణమోహన్ గారికి నవ్వుతో పొలమారింది. ఆయన డాక్టరు. ఆ వణుకు ఏ జబ్బుదో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ జబ్బుకిచ్చే మాత్రల సీసాలు కొన్ని వందల మందికి నా చేత్తో అందించాను. మూతలు తెరుచుకోలేక కౌంటరు దగ్గర అవస్థపడే వాళ్లని చూశాను. అయినా నవ్వాను. నోరు ఆయనది గనక పాపం ఆయనదే అనుకున్నానేమో.

ముందు వరుసలో అమ్మాయి కదల్లేదు. మెడ మాత్రం బిగుసుకున్నట్టు కనబడింది, అది కూడా తర్వాత గుర్తు తెచ్చుకుంటే.

సన్మానం అయ్యాక ప్రూయిట్ కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ మా వైపే రావడం చూశాను. అమ్మాయి లేచి నిలబడి మా వైపు తిరిగింది. మనమ్మాయే. ముప్పై దాటి ఉంటాయేమో.

"అంకుల్, మీరు కొంచెం జరుగుతారా?" అంది. అమెరికా యాసలో ఉన్నా స్పష్టమైన తెలుగు. "మా మామయ్యగారికి లోపలి దాకా నడవడం కష్టం. స్టెప్స్ పక్కన మీ సీట్ ఇస్తే హెల్ప్ అవుతుంది."

నా ఒళ్లోని డబ్బా ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. కృష్ణమోహన్ గారు ఫోను తీసి అందులోకి చూడటం మొదలుపెట్టారు. శ్యామ్ గారు సీటు మీద నుంచి లేచి లోపలికి జరిగారు. ఆ మనిషి ముఖం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ అమ్మాయి గొంతు పెంచి ఉంటే, తిట్టి ఉంటే, మాకు కాస్త తేలికయ్యేది. మర్యాద తప్పలేదు. అంకుల్ అంది. మామయ్యగారికి అంది. ఆ రెండు మాటల మధ్య మేం తలెత్తడానికి చోటు లేకపోయింది.

ప్రూయిట్ వచ్చి ఆయాసపడుతూ కూర్చున్నాడు. తర్వాత తెలిసింది, ఆమె పేరు మైత్రి, నేపర్‌విల్‌లో పుట్టిపెరిగింది, అతని కొడుకుని చేసుకుంది. అతను మా ముగ్గురినీ చూసి, ఈమె భాష మాట్లాడేవాళ్లా అని సంతోషపడ్డాడు. అతను మాట్లాడింది ఇంగ్లీషులో, నేను తెలుగులో చెబుతున్నాను.

"నా పేరు వినబడినట్టుంది. నా గురించి ఏమంటున్నారు వీళ్లు?" అని కోడలిని అడిగాడు.

మైత్రి మా వైపు చూసింది.

"మీ ఆట గుర్తుందంటున్నారు డాడ్. ఈ అంకుల్ ఆ ఫైనల్ రోజు ఇక్కడే ఉన్నారట."

మమ్మల్ని కాపాడింది. అది కాపాడటమో శిక్షించడమో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రూయిట్ శ్యామ్ గారి వైపు పూర్తిగా తిరిగాడు.

"ఎక్కడ కూర్చున్నారు?"

"ఇక్కడే," అన్నారు శ్యామ్ గారు. అలవాటుగా వచ్చేసింది.

"అయితే మీకు బాగా కనబడి ఉంటుంది. నేనొకటి అడుగుతాను. ఆ బంతి నేల మీద దేనికో తగిలి, చివర్లో పక్కకు తిరిగిందని నాకనిపించింది. రాయో, మట్టిగడ్డో. మా ఆవిడ కూడా పోయేదాకా అదే మాట అనేది. కానీ ఆమె నా భార్య, అలాగే అంటుంది కదా. మీరు నాకు ఏమీ కారు. నిజం చెప్పండి. తగిలిందా?"

అడుగుతుంటే అతని చెయ్యి మోకాలి మీద ఆడుతూనే ఉంది. మైత్రి శ్యామ్ గారినే చూస్తోంది. తగిలిందంటే ముసలాయన సంతోషిస్తాడు. కానీ లడ్డూలాగా వచ్చిందని ఈయన మాకు మళ్లీ చెప్పి పావుగంట కాలేదు, ఆ అమ్మాయి అది వింది. తగల్లేదంటే, ఇంతకుముందు అన్నది చాలదన్నట్టు, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంకోసారి కొట్టడమే. ఈ రెండింటిలో ఏదంటారా అని చూశాను. మూడోది ఒకటుందని నాకు తెలియదు.

"నాకు తెలియదు సర్," అన్నారు శ్యామ్ గారు. "ఆ రోజు నేను గ్రౌండ్‌కి రాలేదు. ప్లాంట్‌లో సెకండ్ షిఫ్ట్‌లో ఉన్నాను. రేడియోలో విన్నాను."

కృష్ణమోహన్ గారు ఫోన్‌లోంచి తలెత్తారు. నేను శ్యామ్ గారిని చూడలేక గ్రౌండ్‌లో గీతలు గీస్తున్నవాడిని చూశాను. ఎన్ని పెళ్లిళ్లలో విన్నాం ఆ కథ! ఎంతమందికి మేమే తిరిగి చెప్పాం!

ప్రూయిట్ ఆయన్ని చూసి నవ్వాడు. వంగిపోయిన భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. "ఈ బెంచీల మీద పట్టేది వెయ్యిమంది. ఆ రోజు ఇక్కడే ఉన్నామని నాతో చెప్పినవాళ్లు అయిదువేల మంది ఉంటారు. లేనని చెప్పినవాడివి నువ్వొక్కడివే. ఈ కౌంటీలో నిజాయితీపరుడు ఒక్కడున్నాడని ఇప్పటికి తెలిసింది," అని ఆ వణికే చెయ్యి చాచాడు. శ్యామ్ గారు దాన్ని పట్టుకోవాల్సి వచ్చింది.

ఆట అయ్యాక పార్కింగ్‌లో శ్యామ్ గారు మైత్రి దగ్గరికి వెళ్లారు. మామయ్యను కారులో కూర్చోబెట్టి ఆమె వెనక డిక్కీ సర్దుతోంది. మేం దూరంగా నిలబడ్డాం, మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"అమ్మా, తప్పయిపోయింది. పెద్దవాణ్ని, అనకూడని మాట అన్నాను. నన్ను క్షమించు తల్లీ."

"నాకెందుకు చెబుతున్నారు అంకుల్? నన్ను అనలేదు కదా." ఆమె డిక్కీ మూసి ఇటు తిరిగింది. "ఆయనకి చెప్పండి. తెలుగులో అన్నారు కాబట్టి ఆయనకి తెలీదు అనుకున్నారు. ఇంగ్లీష్‌లో చెప్పండి."

శ్యామ్ గారు కారు అద్దం దాకా వెళ్లారు. ప్రూయిట్ అద్దం దించి, "ఆదివారాలు నేనిక్కడే ఉంటాను. వచ్చి నా పక్కన కూర్చో," అన్నాడు. శ్యామ్ గారు తలూపి వెనక్కి వచ్చేశారు. మైత్రి అది చూసి కారెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు కృష్ణమోహన్ గారు డ్రైవ్ చేస్తుంటే, వెనక సీట్లోంచి శ్యామ్ గారు ఎవరూ అడక్కుండానే చెప్పుకొచ్చారు. ప్లాంట్‌లో చేరిన కొత్త. మధ్యాహ్నం లంచ్ టేబుల్ దగ్గర ఆయన డబ్బా తెరిస్తే పక్కవాళ్లు కాస్త జరిగేవాళ్లు. మొదటి ఏడాదంతా గోడ వైపు తిరిగి ఒక్కరే తిన్నారు. ఫైనల్ ఓడిన మర్నాడు ఈయనది పగటి షిఫ్ట్, ముందు రోజు ఈయన పనిలో ఉన్నట్టు అక్కడివాళ్లకు తెలియదు. టేబుల్ అంతా ప్రూయిట్‌ని తిడుతోంది. ఎవరో ఈయన వైపు తిరిగి, నువ్వు వెళ్లావా అని అడిగారు. "వెళ్లా, మూడో బేస్ వెనకే కూర్చున్నా అన్నానండీ. కుర్చీ లాగి కూర్చోమన్నారు. వాడినెంత తిడితే అంత నవ్వారు. ఆ రోజు నుంచి అక్కడే తిన్నా." తర్వాత, "వాడి మీద కూర్చుని తిన్నట్టే కదండీ ఇన్నేళ్లూ," అన్నారు. మేమూ అలా నవ్వినవాళ్లం.

ఇంటికెళ్లి భార్య జానకీదేవి గారికి చెప్పుకున్నారట. ఆవిడ కూర తరుగుతూనే, "ఆ రోజు మీకు సెకండ్ షిఫ్టని నాకు తెలీదా? క్యారేజీ కట్టింది నేనే కదా," అన్నారట. ఇన్నేళ్లూ నలుగురిలో ఆ కథ విని, ఒక్కసారి కూడా బయటపెట్టని ఇల్లాలు. ఆ మాట విని ఆయనకు ఆ పూట అన్నం సహించలేదని ఆవిడే నాకు చెప్పారు.

ఆ తర్వాత శనివారం ఆయన డోనట్ షాపుకు వచ్చారు గానీ వాదించలేదు. ఎడమచేతి కుర్రాడి గురించి కృష్ణమోహన్ గారు ఏం చెప్పినా, "అయ్యుండొచ్చండీ" అన్నారు. నేను కావాలని రెచ్చగొట్టాను. కోచ్‌ని దేవుడన్నాను. దానికీ అయ్యుండొచ్చన్నారు. నాకు భయమేసింది. తిట్టే శ్యామ్‌సుందర్ గారిని భరించడం నాకు అలవాటు. ఈయనతో ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆదివారాలు మాత్రం మానలేదు. మానితే బాగుండునని ఆయనకే ఉంది. ప్రూయిట్ పిలిచాడు కనక వెళ్లాలి. మేమూ వెళ్లేవాళ్లం. గ్రౌండ్‌లో ఆయన తెలుగు మాట్లాడటం మానేశారు, నాతో కూడా ఇంగ్లీషే. ప్రూయిట్ ఆటంతా విప్పి చెప్పేవాడు. మూడో బేస్ కుర్రాడు బంతికి ఒకడుగు వెనక నిలబడుతున్నాడని, అందుకే చెయ్యి ఆలస్యమవుతోందని, వచ్చే ఏడాది వాడు అదరగొడతాడని. పక్కన కూర్చున్న ప్రతి కొత్త మనిషికీ శ్యామ్ గారిని చూపించి, "ఈయన ఈ కౌంటీలో ఒకే ఒక్క నిజాయితీపరుడు" అని పరిచయం చేసేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా అవతలి పక్క మైత్రి శ్యామ్ గారిని చూసేది. ఈయన బూట్లు చూసుకునేవారు. ఎవరైనా సన్మానం చేస్తూ మనిషిని అంత హింస పెట్టడం నేనెక్కడా చూడలేదు. ప్రతివారం ఇంటికి వస్తూ, "వచ్చే వారం చెప్పేస్తానండీ" అనేవారు. వచ్చే వారం చెప్పేవారు కాదు.

సీజన్ ఆఖరి ఆదివారం వచ్చింది. మేం అప్పటికే పోటీలోంచి పోయాం, గెలిచినా ఓడినా ఒకటే. గాలి చల్లబడింది. ప్రూయిట్ వణుకు ఎక్కువైంది, మెట్లెక్కడానికి మైత్రితో పాటు శ్యామ్ గారు కూడా పట్టుకోవాల్సి వచ్చింది. మైత్రి అందరికీ కాఫీలు తెచ్చింది. ముందు వరుసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి పలకరిస్తే, ప్రూయిట్ యథాప్రకారం మొదలుపెట్టాడు. "ఈయన్ని కలిశారా? ఈ కౌంటీలో..."

"వద్దు వాల్ట్," అన్నారు శ్యామ్ గారు. ముందు వరుస పెద్దాయన కాస్త తికమకపడి ఆట వైపు తిరిగాడు. శ్యామ్ గారు ఇంగ్లీషులో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పారు. "నీ సన్మానం రోజు నీ చెయ్యి మీద నేనొక జోక్ వేశాను. తెలుగులో వేశాను, నీకు అర్థం కాదని. నీ చెయ్యి ఆ రోజు బంతికి భయపడి వణికిందని, ఇంకా వణుకుతోందని అన్నాను. అందరూ నవ్వారు. నన్ను నిజాయితీపరుడు అనకు. నేను వినలేకపోతున్నాను."

నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. బంతి విసిరే కుర్రాడు రెండు బంతులు వేశాడు. ప్రూయిట్ గ్రౌండ్ మీద నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసు," అన్నాడు. "మైకు పట్టుకుని మైత్రి ఎక్కడుందా అని ఈ వైపే చూస్తున్నాను. నా చెయ్యిలాగే నువ్వు చెయ్యి ఆడించావు. ఈ డాక్టరు, ఈమె నవ్వారు. అది అర్థం కావడానికి భాష ఎందుకు?" మళ్లీ అన్నాడు. "ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. సీజన్ అయిపోతుందేమో అనుకున్నా."

అంటే అతను మెట్లెక్కి వచ్చి, నా గురించి ఏమంటున్నారని అడిగింది తెలిసే. మా పక్కన ఇన్ని ఆదివారాలు కూర్చుంది తెలిసే. నేను తెచ్చిన పులిహోర బాగుందని తిన్నది తెలిసే. క్షమించమని నేనూ అనాల్సింది. కృష్ణమోహన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

ప్రూయిట్ ఒళ్లో కాఫీ కప్పు ఉంది. మూత తీసి ఉంది. ఆ మూత అతను పెట్టుకోలేడు. ప్రతివారం పెట్టేది మైత్రే. అలవాటుగా ఆమె చెయ్యి చాచింది. ప్రూయిట్ వద్దన్నట్టు తలాడించి, కప్పును, మూతను శ్యామ్ గారి వైపు జరిపాడు.

"నువ్వు పెట్టు," అన్నాడు.

శ్యామ్ గారు కప్పు అందుకున్నారు. మూత ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచింది. మళ్లీ నొక్కారు. కాఫీ కొంచెం ఒలికి ఆయన వేళ్ల మీద పడింది. చెయ్యి ఎంత బిగబట్టుకున్నా కుదురుగా నిలవలేదు. మేమంతా ఆ చేతినే చూస్తున్నాం. ఎవరమూ నవ్వలేదు.